షుగర్ ఉన్న పెద్దవాళ్లకు తోడుండటం ఎలా? ఇంట్లోవాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

"షుగర్ ఎంతుంది నాన్నా?" రోజూ ఫోన్ తీయగానే మొదటి మాట ఇదే అయితే, కొన్నాళ్లకు అటునుంచి వచ్చే జవాబు కూడా ఒక్కటే అయిపోతుంది: "బాగానే ఉందిలే." ఆ రోజు అసలు పరీక్ష చేసుకున్నారో లేదో మనకు తెలియదు. చేసుకుంటే అంకె ఎక్కువ వచ్చి ఉండొచ్చు. చెబితే పావుగంట క్లాసు పీకుతారని దాచి ఉండొచ్చు. నేను మా నాన్నతో చాలాకాలం ఇలాగే మాట్లాడాను. ప్రేమతోనే అడిగాను. ఆయనకు మాత్రం అది మార్కులు ఎన్నొచ్చాయని అడిగినట్టు వినిపించింది.

షుగర్‌కు వైద్యం చాలావరకు ఆసుపత్రి బయటే జరుగుతుంది. డాక్టరును కలిసేది కొన్ని నెలలకోసారి, అదీ కొద్ది నిమిషాలు. మిగిలిన రోజులన్నీ మాత్రలు, ఇన్సులిన్, తిండి, నడక, పాదాల జాగ్రత్త, నిద్ర అన్నీ ఆ మనిషి చేతిలో, ఆ ఇంట్లో ఉంటాయి. వయసు మీదపడే కొద్దీ చూపు, వినికిడి, జ్ఞాపకం, వేళ్ల పట్టు తగ్గుతూ వస్తాయి. చేయాల్సిన పని మాత్రం తగ్గదు. ఆ లోటు తీర్చాల్సింది పక్కనున్న మనుషులే.

ఇది ఊరికే మంచిమాటగా చెప్పడం లేదు. 2004లో రాబిన్ డిమాటియో అనే పరిశోధకురాలు అప్పటిదాకా వచ్చిన 122 అధ్యయనాలను కలిపి చూశారు. రకరకాల జబ్బుల్లో డాక్టరు చెప్పినట్టు మందులు వాడటానికీ, చుట్టూ ఉన్నవాళ్ల తోడుకూ సంబంధం ఎంత అన్నది ఆమె ప్రశ్న. అన్ని రకాల తోడులోనూ చేతి సాయానికే, అంటే పనుల్లో అందే సాయానికే, సంబంధం ఎక్కువ కనిపించింది. కలిసిమెలిసి ఉండే కుటుంబాల్లో రోగులు వైద్యాన్ని పాటించే అవకాశం 1.74 రెట్లు ఎక్కువ. గొడవలున్న ఇళ్లలో పాటించకపోయే ముప్పు 1.53 రెట్లు. 2010లో జూలియన్ హోల్ట్-లున్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాల్లోని 3 లక్షల పైచిలుకు మంది వివరాలు కలిపి చూస్తే, మనుషులతో గట్టి అనుబంధాలు ఉన్నవాళ్లు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువగా తేలింది.

కాబట్టి తోడుండటాన్ని కూడా వైద్యంలో భాగంగానే చూడాలి, మాత్రల డబ్బా సర్దినంత శ్రద్ధగా సర్దుకోవాలి. ఎలాగో ఒక్కో మెట్టుగా చెబుతాను.

మెట్టు 1: ఎవరు దేనికి అక్కరకొస్తారో రాసుకోండి

ఇంటినిండా మనుషులున్నా ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఉన్నారు. ఒక్కరే ఉంటున్నా ఏ లోటూ లేనివాళ్లూ ఉన్నారు. అందుకని "మేమంతా ఉన్నాం కదా" అనుకుని వదిలేయకుండా ఒకసారి లెక్క చూడండి.

దీనికి లుబెన్ కొలబద్ద అని ఆరు ప్రశ్నల చిన్న పరీక్ష ఉంది. బంధువుల గురించి మూడు ప్రశ్నలు: నెలకు ఒక్కసారైనా కలిసేవాళ్లు, మాట్లాడేవాళ్లు ఎంతమంది? సొంత విషయాలు మొహమాటం లేకుండా చెప్పుకోగలిగేవాళ్లు ఎంతమంది? సాయం కావాలంటే పిలవగలిగేంత దగ్గరివాళ్లు ఎంతమంది? ఇవే మూడూ స్నేహితుల గురించి మళ్లీ అడగాలి. ఎవరూ లేకపోతే 0, ఒకరుంటే 1, ఇద్దరుంటే 2, ముగ్గురు నలుగురుంటే 3, అయిదు నుంచి ఎనిమిది మంది ఉంటే 4, తొమ్మిది, ఆపైన ఉంటే 5. మొత్తం 30కి 12 కన్నా తక్కువ వస్తే ఆ మనిషి ఒంటరితనం అంచున ఉన్నట్టు లెక్క.

అంకె వచ్చాక అక్కడితో ఆగకండి. ఒక కాగితం మీద ఈ నాలుగు ప్రశ్నలు రాసి, పెద్దాయననో పెద్దామెనో అడిగి పేర్లు నింపండి. రాత్రి రెండింటికి ఒంట్లో తేడాగా ఉంటే ఎవరికి ఫోన్ చేస్తారు? డాక్టరు రాసింది అర్థం కాకపోతే ఎవరిని అడుగుతారు? మనసు బాగోలేకపోతే ఎవరితో చెప్పుకుంటారు? "బాగా చేస్తున్నావు, నీ వల్ల అవుతుంది" అని ఎవరు అంటారు?

నాలుగింటికీ ఒకే పేరు వచ్చిందంటే జాగ్రత్త పడాలి. ఆ ఒక్కరూ జబ్బు పడినా, ఊరెళ్లినా మొత్తం తోడు ఒక్కసారిగా పోతుంది. చివరి ప్రశ్నకు పేరే రాకపోవడం కూడా మామూలే. షుగర్ ఉన్నవాళ్లకు తప్పులు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, మెచ్చుకునేవాళ్లు దొరకరు. ఈ కాగితం దాచిపెట్టండి, దీనితో మళ్లీ పని ఉంది.

మెట్టు 2: ఎందుకు ముడుచుకుపోయారో కనుక్కోండి

"మా అమ్మ ఈమధ్య ఎక్కడికీ రానంటోంది. వయసైపోయింది కదా." ఈ రెండో వాక్యాన్ని నమ్మకండి. నలుగురిలోకి వెళ్లడం మానేసినవాళ్లలో చాలామందికి ఒక కారణం ఉంటుంది, ఎక్కువసార్లు అది శరీరానికి సంబంధించినదే. సిగ్గుపడి చెప్పరు.

మూత్రం సంగతి ముందు చూడండి. షుగర్ ఎక్కువగా ఉంటే మాటిమాటికీ వెళ్లాల్సి వస్తుంది. షుగర్‌ను మూత్రంలోంచి బయటికి పంపే మాత్రలు కొన్ని ఉన్నాయి, వాటితో ఇంకాస్త ఎక్కువ. మగవాళ్లకు ప్రోస్టేట్ గ్రంథి సమస్య, ఆడవాళ్లకు దగ్గినా తుమ్మినా బొట్లు పడటం దీనికి తోడవుతాయి. బయటికి వెళ్తే బాత్రూమ్ ఎక్కడుందో తెలియదు, బట్టలు పాడైతే పరువు పోతుందని భయం. ఇంట్లోనే ఉండిపోవడం వాళ్లకు సులువైన దారిగా కనిపిస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు, వాళ్లకు చనువున్న మనిషి, మెల్లగా అడగాలి. దీనికి చికిత్స ఉంది. మాత్ర వేసుకునే వేళ మార్చినా కొందరికి ఇబ్బంది తగ్గుతుంది, డాక్టరును అడిగి చేయండి.

తర్వాత వినికిడి. షుగర్ ఉన్నవాళ్లలో వినికిడి లోపం లేనివాళ్లకన్నా దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. మా నాన్న నలుగురూ కూర్చున్న చోటినుంచి లేచి వెళ్లిపోతుంటే ఆయనకు కోపం పెరిగిందనుకున్నాం. సగం మాటలు వినపడక, పదే పదే "ఏంటీ?" అనడానికి మొహమాటపడి లేచిపోతున్నారని చెవి పరీక్ష చేయించాక తెలిసింది. ఆ ఆలస్యానికి ఇప్పటికీ బాధపడతాను. చెవి పరీక్ష చేయించడానికి ఎవరో సలహా ఇచ్చేదాకా ఆగకండి.

పాదాల్లో స్పర్శ తగ్గితే అడుగు ఎక్కడ పడుతోందో తెలియక పడిపోతామని భయం వేస్తుంది. కళ్లు మసకైతే ఫోన్‌లో పేర్లు కనిపించవు, మీటర్ మీద అంకె కనిపించదు. కంటిలోపలి రెటీనా దెబ్బతిందో, శుక్లం వచ్చిందో డాక్టరు చూసి చెప్పాలి. కొందరికి బయట ఉండగా షుగర్ పడిపోతుందేమోనని దిగులు. కొందరికి నలుగురిలో ఇన్సులిన్ వేసుకోవడం ఇష్టం ఉండదు. ఇంకొందరు, పలకరించే ప్రతివాళ్లూ తమ పళ్లెంలోకి తొంగిచూసి "ఇది తినొచ్చా?" అంటారని భోజనాలకే వెళ్లరు.

జీవిత భాగస్వామి పోయినప్పుడు మాత్రం ప్రత్యేకంగా కనిపెట్టుకుని ఉండాలి. వేళకు భోజనం పెట్టింది, మాత్ర గుర్తుచేసింది, అర్ధరాత్రి చెమటలు పడితే గమనించింది పోయిన ఆ మనిషే. మనిషితో పాటు ఆ ఏర్పాటంతా పోతుంది. దుఃఖంలో ఆకలి ఉండదు, పాత మోతాదులో ఇన్సులిన్ మాత్రం కొనసాగుతుంది. లో షుగర్ రావడానికి ఇది చాలు. ఇలాంటి సమయంలో మొదటి కొన్ని వారాల్లోనే డాక్టరుకు విషయం చెప్పి మోతాదులు మళ్లీ చూడమనండి.

మెట్టు 3: కాపలా కాయడం మాని, అడగండి

నా ఉద్దేశంలో మెట్లన్నిటిలోకీ ముఖ్యమైనది ఇదే. మిగతావన్నీ చేసి దీన్ని వదిలేస్తే ఫలితం ఉండదు.

షుగర్ ఉన్నవాళ్లతో దశాబ్దాలు పనిచేసిన మనస్తత్వ నిపుణుడు విలియం పోలన్‌స్కీ "షుగర్ పోలీసులు" అనే అర్థం వచ్చే మాట వాడతారు. మంచి కోరే ఇంట్లోవాళ్లే పోలీసుల్లా మారిపోతారు: తింటుంటే పట్టుకోవడం, అంకె చూసి నిలదీయడం, నలుగురి ముందు చెప్పడం. 2012లో లిండ్సే మేబెర్రీ, చంద్ర ఆస్బోర్న్ చేసిన అధ్యయనంలో ఆలోచించాల్సిన సంగతి ఒకటి బయటపడింది. జబ్బు గురించి బాగా తెలిసిన కుటుంబసభ్యులు సాయం ఎక్కువ చేస్తున్నారు, అయినా తెలిసినవాళ్లలోనూ విసిగించేవాళ్లు ఉన్నారు. ఆ విసిగింపు ఎక్కువున్న చోట మందులు సరిగ్గా వాడటం తగ్గింది, షుగర్ అదుపు కూడా బాగాలేదు. అంటే జబ్బు గురించి చదువుకున్నంత మాత్రాన మంచి తోడు కాలేం.

ఇది ఎలా ముదురుతుందో చూడండి. కొడుకు అడుగుతాడు, తండ్రి దాస్తాడు. దాచాడని తెలిసి కొడుకు ఇంకా గట్టిగా అడుగుతాడు. తండ్రి చాటుగా తింటాడు, పరీక్షే మానేస్తాడు. చివరికి ఇద్దరి మధ్యా షుగర్ తప్ప ఇంకో మాట మిగలదు. ఒక జీవితకాలం ఇల్లు నడిపిన మనిషికి తన నోట్లోకి వెళ్లే ముద్ద మీద కూడా హక్కు లేదనిపిస్తే ఎంత చిన్నతనంగా ఉంటుందో మనం ఆలోచించం.

దీన్ని మార్చడానికి ఒక్కసారి కూర్చుని మాట్లాడాలి. మీటర్ ముందు వద్దు, భోజనం దగ్గర వద్దు. ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు, పక్కన ఇంకెవరూ లేనప్పుడు మూడు విషయాలు అడగండి. "నీ షుగర్ విషయంలో నేను చేసేవాటిలో నీకు నిజంగా పనికొచ్చేది ఏంటి?" "ఏది చిరాకు తెప్పిస్తుంది?" "ఈ నెల ఒక్క పని నేను పంచుకోవాలంటే ఏది?" రెండో ప్రశ్నకు జవాబు వినడం కష్టంగా ఉంటుంది. అడ్డు చెప్పకుండా వినండి. "నీ మంచికే కదా" అన్న మాట అప్పుడు నోట్లోంచి రాకూడదు.

ఆ తర్వాత రోజువారీ మాట మార్చండి. మీటర్ 240 చూపిస్తే "ఏం తిన్నావు?" అనడానికి బదులు "240 ఉందా, సరే. ఒంట్లో ఎలా ఉంది? రాత్రి నిద్ర పట్టిందా?" అనండి. అంకె పెరగడానికి తిండి ఒక్కటే కారణం కాదు. ఇన్‌ఫెక్షన్, నొప్పి, నిద్రలేమి, స్టెరాయిడ్ మందులు, టెన్షన్ కూడా షుగర్‌ను పెంచుతాయి. కంగారు పడినప్పుడు ఒంట్లో ఊరే కార్టిసాల్, అడ్రినలిన్ కాలేయంలోని చక్కెరను రక్తంలోకి వదిలిస్తాయి. పొద్దున్నే నిలదీస్తే ఆ టెన్షన్‌కు మనమే కారణం అవుతాం.

తిండి విషయంలో ఇంకో మాట. పెద్దవాళ్లకు విడిగా చప్పటి వంట చేసి, మిగతావాళ్లు ఎదురుగా వేరేది తినే పద్ధతి ఎక్కువ రోజులు నిలవదు. ఇల్లంతా ఒకటే తినేలా కొద్దికొద్దిగా మార్చుకోండి. ఎప్పుడో ఒకసారి వాళ్లు ఇష్టపడి ఏదైనా తింటే చూసీ చూడనట్టు వదిలేయండి.

మెట్టు 4: పనులు ఎవరివి వాళ్లకు పంచండి

"అందరం చూసుకుంటాం" అంటే ఎవరూ చూడరని అర్థం, లేదా కోడలో కూతురో ఒక్కతే చూస్తుందని అర్థం. ఒక్కో పనికి ఒక్కో పేరు పెట్టండి. పెద్దవాళ్లు స్వయంగా చేసుకోగలిగిన పని, నెమ్మదిగా చేసినా సరే, లాక్కోకండి.

మందులు: వారానికి సరిపడా గళ్లున్న డబ్బాలో ఒకరోజు కూర్చుని ఇద్దరూ కలిసి సర్దండి. ఇన్సులిన్ వేసుకున్న వెంటనే క్యాలెండర్‌లో టిక్ పెట్టడం అలవాటు చేయండి. వేసుకున్నానో లేదో అని మళ్లీ వేసుకోవడం పెద్దవాళ్లలో ప్రమాదకరమైన పొరపాటు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, గడ్డకట్టకూడదు. తెరిచినది చాలా రకాలకు 28 రోజుల దాకా పనికొస్తుంది, డబ్బాలోని కాగితం చూసి తెరిచిన తేదీ దానిమీదే రాయండి. ఒకేచోట గుచ్చితే చర్మం కింద గడ్డలు కట్టి మందు సరిగ్గా ఒంటపట్టదు, చోటు మారుస్తున్నారో లేదో చూస్తుండాలి.

పాదాలు: రోజూ అరికాళ్లు, వేళ్ల సందులు చూడాలి. నడుము వంగని మనిషి తన అరికాలు చూసుకోలేరు కాబట్టి ఈ పని ఇంకొకరిదే. ఒంటరిగా ఉంటే నేలమీద అద్దం పెట్టుకుని చూసుకోవచ్చు. నొప్పి లేదు కదా అని పుండును వదిలేయకండి, స్పర్శ పోయిన కాలికి నొప్పి తెలియదు. పుండు, బొబ్బ, రంగు మారడం కనిపిస్తే అదే రోజు, కుదరకపోతే మర్నాడు డాక్టరుకు చూపించాలి.

ఏడాదికోసారి కళ్ల పరీక్ష, పాదాల పరీక్ష, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో చూసే పరీక్ష, పళ్ల డాక్టరు. ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతుంటే విటమిన్ బీ12 కూడా చూడమనండి. ఈ తేదీలు గుర్తుపెట్టుకునే పని దూరాన ఉన్నవాళ్లకు ఇవ్వండి. ఫోన్‌లోనే అయిపోతుంది, వాళ్లకూ చేతికి ఒక పని ఉంటుంది.

నడకను మాత్రం పంచుకోవాల్సిన పనుల్లో మొదట పెడతాను. వారానికి 150 నిమిషాలు నడవమంటారు. అంత కుదరకపోయినా అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయడం, వారంలో రెండు మూడు రోజులు నిలకడ కోసం చిన్న వ్యాయామాలు చేయడం మేలు. పక్కపక్కన నడిచేటప్పుడు ఒకరి కళ్లలోకి ఒకరు చూడాల్సిన పని లేదు, బహుశా అందుకే ఇంట్లో నోరు విప్పని మనుషులు నడుస్తూ అన్నీ చెబుతారు.

మెట్టు 5: షుగర్ పడిపోతే ఏం చేయాలో ఇంట్లో అందరికీ నేర్పండి

పెద్దవాళ్లలో ఎక్కువ షుగర్ నెమ్మదిగా హాని చేస్తుంది, తక్కువ షుగర్ నిమిషాల్లో చేస్తుంది. 70 కన్నా తగ్గితే (కొన్ని దేశాల మీటర్లలో ఇది 3.9) లో షుగర్. 54 కన్నా తగ్గితే (3.0) తీవ్రం. ఇన్సులిన్, లేదా ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువ ఊరేలా చేసే సల్ఫొనైల్‌యూరియా రకం మాత్రలు వాడేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు చాలా అరుదు.

చిన్నవయసులో వచ్చినట్టు చెమటలు, వణుకు పెద్దవాళ్లలో స్పష్టంగా రాకపోవచ్చు. దానికి బదులు మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం, ఉన్నట్టుండి చిరాకు, తూలిపోవడం, మగత కనిపిస్తాయి. మతిమరుపనో పక్షవాతమనో పొరబడతాం. బీపీకో గుండెకో వాడే బీటా బ్లాకర్ మందులు గుండెదడ తెలియకుండా చేస్తాయి. తేడాగా కనిపిస్తే ముందు వేలికి పరీక్ష చేయండి. మీటర్ అందుబాటులో లేకపోతే లో షుగర్ అనుకునే చికిత్స మొదలుపెట్టండి. తగ్గకపోయినా, మూతి వంకర, చెయ్యి కాలు పడిపోవడం లాంటివి ఉన్నా ఆగకుండా అంబులెన్స్ పిలవండి.

1. మెలకువగా ఉండి మింగగలిగితే 15 గ్రాముల చక్కెర ఇవ్వండి. అంటే గ్లూకోజ్ మాత్రలు మూడు నాలుగు, లేదా నీళ్లలో కలిపిన మూడు చెంచాల చక్కెర, లేదా చిన్న గ్లాసుడు పండ్లరసం. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. అకార్బోజ్, వోగ్లిబోజ్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లకు మామూలు చక్కెర త్వరగా పనిచేయదు, గ్లూకోజే ఇవ్వాలి.

2. 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్ష చేయండి. ఇంకా 70 కిందే ఉంటే మళ్లీ అంతే ఇవ్వండి.

3. 70 దాటాక, తర్వాతి భోజనానికి టైమ్ ఉంటే ఏదైనా కాస్త తినిపించండి. ఆ రోజంతా ఒంటరిగా వదలకండి. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్లలో కొన్ని మాత్రల ప్రభావం గంటల తరబడి ఉండి షుగర్ మళ్లీ పడిపోతుంది.

4. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ పిలవండి. ఇంట్లో షుగర్‌ను వేగంగా పెంచే గ్లూకాగాన్ మందు ఉండి, ఎవరికైనా వాడటం వస్తే వెంటనే ఇవ్వండి.

ఇది ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. పదేళ్ల మనవడు కూడా చదివి చేయగలిగేలా ఉండాలి. గ్లూకోజ్ మంచం పక్కన ఒకటి, జేబులోనో బ్యాగులోనో ఒకటి.

మెట్టు 6: డాక్టరు దగ్గరికి కలిసి వెళ్లండి, మాట మాత్రం వాళ్లనే చెప్పనివ్వండి

లోపలికి వెళ్లగానే మనమే మాట్లాడేస్తాం. డాక్టరు కూడా మనవైపే చూస్తారు. జబ్బున్న మనిషి మధ్యలో బొమ్మలా కూర్చుంటారు. ముందే మాట అనుకోండి: మొదట వాళ్లు చెబుతారు, మిగిలింది మనం కలుపుతాం, రాసుకునే పని మనది.

తప్పకుండా చెప్పాల్సిన విషయాలు మూడు. ఒంటరిగా ఉంటున్నారా, ఎవరితోనైనా ఉంటున్నారా? ఈ మధ్య షుగర్ పడిపోయిందా, తూలిపడ్డారా? మాత్రలు మర్చిపోతున్నారా? "ఒంటరిగా ఉంటారు" అన్నది డాక్టరు మందు మార్చాల్సినంత ముఖ్యమైన సమాచారం. రాత్రి చూసేవాళ్లు లేని మనిషికి షుగర్‌ను మరీ కిందికి దించే మందు రాయడం ప్రమాదం.

లక్ష్యం ఎంతో అడగండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అందరికీ ఒకటే ఉండనక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు 7 నుంచి 7.5 లోపు, చాలా జబ్బులున్నా, జ్ఞాపకశక్తి కాస్త తగ్గినా, కొన్ని రోజువారీ పనులకు ఇంకొకరి సాయం కావాల్సి వచ్చినా 8 లోపు చాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతుంది. బాగా నీరసించిపోయినవాళ్లకు అంకె వెంట పడకుండా లో షుగర్ రాకుండా, దాహం, నీరసం లాంటి బాధలు లేకుండా చూడటమే లక్ష్యం. మందు తగ్గించారంటే వదిలేశారని కంగారు పడకండి. సల్ఫొనైల్‌యూరియాల్లో గ్లిబెన్‌క్లమైడ్ పెద్దవాళ్లకు ఇవ్వకపోవడమే మంచిదంటారు. ఆ పేరు చీటీలో కనిపిస్తే మీరే ఆపేయకుండా డాక్టరును అడగండి.

మెట్టు 7: మనసును విడిగా పట్టించుకోండి

రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి. మొదటిది షుగర్ వల్ల వచ్చే విసుగు: రోజూ గుచ్చుకోవడం, లెక్కలు, భయాలు, ఎంత చేసినా అంకె దిగకపోవడం. 1995లో పోలన్‌స్కీ బృందం దీన్ని కొలవడానికి 20 ప్రశ్నల పట్టిక తయారుచేసింది. ఈ విసుగు పైన చెప్పినట్టు పని పంచుకుంటే, మాట మార్చుకుంటే చాలావరకు తగ్గుతుంది.

రెండోది డిప్రెషన్. షుగర్ ఉన్నవాళ్లలో ఇది లేనివాళ్లకన్నా దాదాపు రెట్టింపు. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులుగా, ఏ ఆశా లేనట్టు ఉండటం ఎక్కువ రోజులు ఉన్నాయేమో అడగండి. పెద్దవాళ్లు "దిగులుగా ఉంది" అనరు. నీరసం, ఒళ్లు నొప్పులు, నిద్ర పట్టడం లేదు అంటారు. మందులు, కౌన్సెలింగ్‌తో నయమవుతుంది. "నేను పోతే మీకు బాధ తప్పుతుంది" లాంటి మాట వస్తే మాటవరసకు అన్నారనుకోకండి, వెంటనే డాక్టరుతో మాట్లాడండి, ఒంటరిగా వదలకండి.

కొత్తగా మోతాదులు తప్పుతున్నా, మీటర్ వాడటం రాకపోతున్నా జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి. అలాంటప్పుడు గట్టిగా గుర్తుచేసి లాభం లేదు. రోజుకు నాలుగుసార్లున్న మందును ఒకటి రెండుసార్లకు తగ్గించే వీలుందా అని డాక్టరును అడగాలి.

మెట్టు 8: వాళ్లు సాయం చేసే అవకాశం ఇవ్వండి

2010లో మిషెల్ హైస్లర్ అనే డాక్టరు అమెరికాలో షుగర్ ఉన్న 244 మంది మాజీ సైనికులతో ఒక ప్రయోగం చేశారు. సగం మందికి నర్సు పర్యవేక్షణ. మిగతా సగం మందిని జంటలుగా కలిపి వారానికోసారి ఫోన్‌లో ఒకరికొకరు మాట్లాడుకోమన్నారు. ఆరు నెలలకు జంటల్లో హెచ్‌బీఏ1సీ సగటున 8.02 నుంచి 7.73కి దిగింది. నర్సు చూసినవాళ్లలో 7.93 నుంచి 8.22కి పెరిగింది. ఆ జంటల్లో గురువు, శిష్యుడు అని లేరు. ఇద్దరూ ఇచ్చేవాళ్లే, ఇద్దరూ తీసుకునేవాళ్లే.

వయసు పైబడ్డాక మనిషిని ఎక్కువగా కుంగదీసేది తన వల్ల ఎవరికీ ఉపయోగం లేదన్న భావన. షుగర్ ఉన్న మరో పెద్దమనిషిని, వీలైతే అదే వయసువాళ్లను, జత కలపండి. వారానికో ఫోన్ చాలు. ఒకే ఒక్క నియమం పెట్టుకోమనండి: ఒకరి మందులు ఇంకొకరిని వాడమని చెప్పకూడదు, ఏ మందూ ఎవరి మాట మీదా ఆపకూడదు. షుగర్‌ను పూర్తిగా మాయం చేస్తామంటూ వచ్చే మెసేజీలు ఈ దారిలోనే ఎక్కువ తిరుగుతాయి, అవి వస్తే ముందు మీకు చూపించమని చెప్పండి.

మెట్టు 9: దూరంగా ఉంటే

రోజూ ఒకే వేళకు ఫోన్ చేయండి, రెండు నిమిషాలే అయినా సరే. మొదటి మాట షుగర్ గురించి ఉండకూడదు. ఆ వేళకు ఫోన్ ఎత్తకపోతే ఎవరు వెళ్లి చూడాలో ముందే అనుకోండి. దగ్గర్లో ఇద్దరి నంబర్లు మీ దగ్గర, ఇంటి తాళంచెవి ఒకటి వాళ్లలో ఒకరి దగ్గర ఉండాలి.

చేతికి అంటించే, షుగర్ కొలిచే సెన్సార్ ఉంటే వాళ్ల షుగర్ మీ ఫోన్‌లో కనిపిస్తుంది. మంచి సౌకర్యమే, కానీ గంటగంటకీ చూసి ఫోన్ చేస్తే మళ్లీ పోలీసు పనే. లో షుగర్ అలారం మాత్రమే మీకు వచ్చేలా వాళ్లను అడిగి పెట్టుకోండి. జ్వరం, వాంతులు, విరేచనాలు వచ్చిన రోజు మాత్రం రెండు మూడుసార్లు మాట్లాడండి. అలాంటప్పుడు తినడం లేదని ఇన్సులిన్ పూర్తిగా మానేయకూడదు. కొన్ని మాత్రలు మాత్రం తాత్కాలికంగా ఆపాల్సి రావొచ్చు. జబ్బు రోజున ఏది ఆపాలి, ఏది కొనసాగించాలి అన్నది బాగున్నప్పుడే డాక్టరుతో రాయించి పెట్టుకోండి.

మెట్టు 10: చూసుకునేవాళ్లకూ సెలవు కావాలి

ఇంట్లో రోజూ దగ్గరుండి చూసే మనిషికి వారంలో సగం పూటైనా పూర్తిగా విడుపు ఉండాలి. ఎవరు, ఏ రోజు ఆ పని అందుకుంటారో మొదటి మెట్టులో రాసిన కాగితం మీదే రాయండి. దూరాన ఉండి సలహాలిచ్చేవాళ్లు సంవత్సరంలో కొన్ని రోజులైనా వచ్చి ఆ పని మొత్తం చేయాలి. అప్పుడు వాళ్ల సలహాలు వాటంతట అవే తగ్గుతాయి.

మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ చేయించే రోజున ఆ కాగితం తీయండి. మొదటి మెట్టులోని ఆరు ప్రశ్నలూ మళ్లీ అడగండి, నాలుగు ప్రశ్నల ముందు పేర్లేమైనా పెరిగాయేమో చూడండి. మూడో మెట్టులోని మూడు ప్రశ్నలూ మళ్లీ వేయండి. ఈసారి రెండో ప్రశ్నకు జవాబు మారి ఉంటుంది. మారకపోతే ఆ నెల పంచుకునే పని అక్కడినుంచే మొదలుపెట్టండి.